స్టూడియో అడిగిందని ఓకే నొక్కేయకండి: మన యాప్ బృందానికి బహిరంగ లేఖ

అనంతపురం

మన మార్కెట్ ధరల యాప్ రెపోలో (కోడ్ అంతా ఉండే చోటు) మెర్జ్ హక్కు, అంటే వచ్చిన మార్పును అసలు కోడ్‌లో కలిపే హక్కు, ఉన్న ఆరుగురికీ, కోడ్ పంపుతున్న మిగతా అందరికీ,

ఇదంతా గ్రూపులో వాయిస్ మెసేజ్‌గా పెడదామనుకున్నాను. రెండు నిమిషాలు దాటితే ఎవరూ వినరు, నేనూ వినను. అందుకే రాస్తున్నాను. నలుగురూ చూసేలా రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మన కోడ్ ఎవరైనా చూడొచ్చు, మన పొరపాటు కూడా ఆ కోడ్ చరిత్రలో తేదీతో సహా ఉంది. దాచేదేమీ లేదు. విషయం ముందే చెబుతాను. మన యాప్‌ను కట్టే పనిముట్టు గ్రేడిల్, దానికి ఆండ్రాయిడ్ యాప్ కట్టడం నేర్పేది ప్లగిన్. ఈ రెండిటి వెర్షన్లను ఎవరూ ముట్టుకోవద్దని గ్రూపులో పిన్ చేసిన మెసేజ్‌ను తీసేయమనీ, కోడ్ రాసే ఆండ్రాయిడ్ స్టూడియో అడగ్గానే కాకుండా ఒక పద్ధతిలో వాటిని మారుద్దామనీ అడుగుతున్నాను.

పోయిన ఆగస్టు ఆఖరి వారం మాట ఇది. కర్నూలు యార్డుకు ఉల్లి వస్తున్న రోజులు. మన దగ్గర చీనీ (బత్తాయి) ధర టన్నుల్లో చెబుతారు, ఉల్లి ధర క్వింటాళ్లలో చెబుతారు. యాప్‌లో ఆ తేడా అంతా ఒక చిన్న ఫైల్లో ఉంటుంది. అంతకుముందు వారం చీనీ పేజీ సర్దుతూ ఉల్లికి కూడా టన్ను అని పడేలా చేసి వెర్షన్ వదిలేశాం. గోనెగండ్ల వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. "ఏం తల్లీ, టన్ను ఉల్లి తొమ్మిదినూర్లా? గోతాల ఖర్చు కూడా రాదే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ, నాకు మాత్రం నవ్వు రాలేదు.

సరిచేయాల్సింది ఒక్క లైను. ఐదు నిమిషాల పని. అది జనం ఫోన్లకు చేరడానికి ఒకటిన్నర రోజు పట్టింది.

ఎందుకు పట్టిందో మీలో సగం మందికే తెలుసు. మెయిన్ బ్రాంచి (అందరం వాడే అసలు కోడ్) లాగి బిల్డు కొడితే, అంటే ఆ కోడ్ నుంచి యాప్ తయారుచేయబోతే, ఎర్ర అక్షరాలు: ఈ ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ నడవాలంటే జావా 17 కావాలి, నీ దగ్గర ఉన్నది 11 అని. ముందు రోజు సాయంత్రం దాకా అదే లాప్‌టాప్‌లో చక్కగా నడిచిన బిల్డు అది. ఏం మారిందా అని చూస్తే రాత్రి మెర్జ్ అయిన ఒక పీఆర్ (ఈ మార్పులు కలపండి అని పంపే అభ్యర్థన) కనబడింది. పేరు, ధరల పట్టికను పీడీఎఫ్‌గా దింపుకునే సౌకర్యం. మొత్తం ముప్పై ఒక్క ఫైళ్లు. ఎక్కడో అడుగున, ఒక ఫైల్లో ప్లగిన్ 7.4 నుంచి 8.0కి, ఇంకో ఫైల్లో గ్రేడిల్ 7.5 నుంచి 8.0కి మారి ఉన్నాయి. పీఆర్ పేరులో ఆ మాట లేదు, వివరణలోనూ లేదు.

ఆ పీఆర్‌ను చూసి సరే అన్నది ఎవరు? నేనే. పీడీఎఫ్‌లో తెలుగు అక్షరాలు విరిగిపోకుండా వస్తున్నాయా అని చూశాను, మురిసిపోయాను, కింది ఫైళ్లను వేలితో పైకి తోసేశాను. కాబట్టి ఈ ఉత్తరంలో మీ మీద ఉన్న కోపంలో సగం వాటా నాది.

ఆ పీఆర్ పంపిన కర్నూలు తమ్ముడికి ఫోన్ చేస్తే, "నేనేం చేయలేదక్కా, స్టూడియో అప్‌గ్రేడ్ చేయమని అడిగింది, ఓకే నొక్కినా. నా దాంట్లో బాగానే వచ్చింది కదా" అన్నాడు. నిజమే, అతని దాంట్లో వస్తుంది. అతను మాకన్నా కొత్త ఆండ్రాయిడ్ స్టూడియో వేసుకున్నాడు, దానితో పాటే జావా 17 వచ్చింది. మిగతా వాళ్లకు అది లేదు.

అక్కడి నుంచి ఒక్కొక్కటీ బయటపడింది. కడపలో ఉన్న మన స్టూడెంట్‌ది ఎనిమిది జీబీ లాప్‌టాప్, పాత స్టూడియో. ప్రతి స్టూడియో వెర్షన్‌కూ ఫలానా ప్లగిన్ దాకానే తెరవగలనని ఒక హద్దు ఉంటుంది. అది దాటితే ప్రాజెక్టును సింక్ కూడా చేయదు. కొత్త స్టూడియో దింపుకోవాలంటే ఒక జీబీ పైమాటే, కొత్త గ్రేడిల్ వంద ఎంబీకి పైన, ఆపైన ప్లగిన్ వెంట వచ్చే లైబ్రరీలు. ఆ అబ్బాయి నెట్టంతా ఫోన్ హాట్‌స్పాట్, రోజుకు ఒకటిన్నర జీబీ. "రేపు పొద్దున డేటా వస్తాది మేడం, అప్పుడు చూస్తా" అన్నాడు. మన ఒక్క లైను ఫిక్సు అతని రోజువారీ డేటా కోటా దగ్గర ఆగిపోయింది.

నేను జావా 17 వేసుకున్నాక తరువాతి ఎర్రర్ వచ్చింది, నేమ్‌స్పేస్ (కోడ్‌కు ఇచ్చే ప్యాకేజీ పేరు) చెప్పలేదని. ఇంతకుముందు ప్యాకేజీ పేరు మ్యానిఫెస్టులో (యాప్ వివరాల ఫైలు) ఉంటే సరిపోయేది. ప్లగిన్ 8 నుంచి అది ప్రతి మాడ్యూల్ (యాప్‌లో ఒక విడి భాగం) బిల్డు ఫైల్లో విడిగా రాయాలి. మన పాత చార్టుల మాడ్యూల్‌ను చాన్నాళ్లుగా ఎవరూ తెరవలేదు, అందులో లేదు. అది రాస్తే బిల్డ్‌కాన్ఫిగ్ క్లాసు (వెర్షన్ లాంటి వివరాలు ఉండే కోడ్ ముక్క) కనబడట్లేదని ఇంకోటి. ఇది వరకు అడక్కుండానే తయారయ్యేది, ఇప్పుడు కావాలని చెబితేనే తయారవుతుంది. ఇవన్నీ చిన్నవే. ఎర్రర్ ఎక్కడుందో అదే చెబుతుంది, పది నిమిషాల్లో తీరిపోతాయి.

అసలు దెబ్బ ఎర్రర్ లేకుండా వచ్చింది. డీబగ్ బిల్డు (మనం పరీక్షకు కట్టుకునేది) నా ఫోన్‌లో శుభ్రంగా నడిచింది, ఉల్లి పక్కన క్వింటాలు అని పడింది. హమ్మయ్య అనుకుని రిలీజ్ బిల్డు (జనానికి వెళ్లేది) తీసి ప్లే స్టోర్ ఇంటర్నల్ టెస్టింగ్‌లో పెట్టాను. అందులో యాప్ తెరుచుకుంటోంది, మార్కెట్ల పేర్లు వస్తున్నాయి, ధరల పేజీ మాత్రం తెల్లగా ఉంది. ఒక్క అంకె లేదు. మూడు గంటలు సర్వర్‌ను తిట్టాను. పాపం సర్వర్ ఏమీ చేయలేదు.

రిలీజ్ బిల్డులో కోడ్‌ను చిన్నదిగా చేయడానికి ఆర్8 అనే పనిముట్టు ఉంటుందని తెలుసు కదా. ప్లగిన్ 8.0 నుంచి అది ఫుల్ మోడ్‌లో నడవడమే డిఫాల్టు. అంటే వాడట్లేదని తనకు అనిపించినదాన్ని ఇంకా నిర్దాక్షిణ్యంగా కత్తిరిస్తుంది. మన ధరలు సర్వర్ నుంచి జేసన్ అనే అక్షర రూపంలో వస్తాయి, జీసన్ లైబ్రరీ వాటిని క్లాసుల్లోకి (కోడ్‌లో డేటా పెట్టుకునే అచ్చులు) నింపుతుంది. నింపేది నడుస్తున్నప్పుడు, క్లాసు లోపలికి తొంగిచూసి. ఆర్8 చూసేది బిల్డు చేసేటప్పుడు. ఈ క్లాసులను కోడ్‌లో ఎవరూ తయారుచేయట్లేదనుకుని అది వాటిలో కావలసిన కొంత భాగాన్ని తీసేసింది. మనం కీప్ రూల్స్ (దీన్ని తీయొద్దని ఆర్8కు చెప్పే లైన్లు) ఎప్పుడూ సరిగా రాయలేదు. పాత మోడ్ చూసీచూడనట్టు వదిలేస్తుండబట్టి ఇన్నాళ్లూ బతికిపోయాం.

ఆ రాత్రికి గ్రేడిల్ ప్రాపర్టీస్‌లో ఫుల్ మోడ్ ఆపేసే లైను పెట్టి వెర్షన్ వదిలాను. తరువాత వారం కూర్చుని రూల్స్ రాశాం. దీని గురించి ఇంత విస్తారంగా చెప్పడానికి కారణం, గ్రూపులో ఇప్పటికీ "బిల్డు టూలే కదా, యాప్ కోడ్ మారలేదు కదా" అనే మాట వినబడుతోంది. కట్టెల పొయ్యి నుంచి గ్యాసు పొయ్యికి మారినా సంగటి సంగటే అంటాం మనం. మా అమ్మ ఒప్పుకోదు. ఆర్8 చూశాక నేను మా అమ్మ పక్షం.

ఇదంతా అయ్యాక మీరు తీసుకున్న నిర్ణయం చూస్తే నాకు అంతకన్నా భయం వేస్తోంది. గ్రూపులో పిన్ చేసి పెట్టారు: ఇకమీదట గ్రేడిల్, ప్లగిన్ వెర్షన్లను ఎవరూ ముట్టుకోవద్దు అని. దాన్ని తీసేయమని అడగడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఆ కర్నూలు తమ్ముడు చేయకూడని పని చేయలేదు. చేయాల్సిన పనినే, చేయకూడని చోట, చెప్పకుండా చేశాడు. అసలు అప్పటికే మనం ఆలస్యం. ప్లే స్టోర్ ఏటా ఆగస్టు 31 గడువు పెడుతోంది. 2024లో కొత్త యాప్‌లూ అప్‌డేట్లూ ఏపీఐ 34ను (అంటే ఆండ్రాయిడ్ 14ను) టార్గెట్ చేయాలంది, 2025లో 35 అంది. టార్గెట్ పెంచాలంటే కొత్త ఎస్‌డీకే (ఆండ్రాయిడ్ యాప్‌లు కట్టే సామగ్రి) కావాలి, దానికి కొత్త ప్లగిన్, ఆ ప్లగిన్‌కు కొత్త గ్రేడిల్, ఆ రెండిటికీ కొత్త జావా. ఒకదాని కొక్కెం ఇంకోదానికి. ఏ ఒక్కటీ ముట్టుకోవద్దంటే, ఒక ఆగస్టులో ఉల్లి ధర సరిచేసే అప్‌డేట్‌ను కూడా స్టోర్ తీసుకోదు. గడువు పొడిగింపు అడగొచ్చు, నిజమే. అదీ రెండు నెలలే.

ముట్టుకోకుండా కూర్చోవడం మనకు కొత్త కాదు. ఈ ప్రాజెక్టు మొదలైన 2019లో మనది గ్రేడిల్ 5. అప్పుడే ప్రతి మాడ్యూల్‌లో కంపైల్ అనే పాత పదంతో లైబ్రరీలను చేర్చాం. అది పోతుంది, ఇంప్లిమెంటేషన్ అని రాయండి అని బిల్డు మొత్తుకుంటూనే ఉంది. 2021 ఏప్రిల్‌లో గ్రేడిల్ 7.0 వచ్చింది, ఆ పదాన్ని నిజంగానే తీసేశారు. అదే ఏడు ఫిబ్రవరిలో, లైబ్రరీలు దొరికే ఆన్‌లైన్ గోదాం జేసెంటర్‌ను ఆపేస్తున్నామని దాన్ని నడిపే జేఫ్రాగ్ ప్రకటించింది, మన లైబ్రరీల్లో రెండు అక్కడ తప్ప ఎక్కడా దొరికేవి కావు. మనం రెండేళ్లు ఏమీ చేయలేదు. తరువాత అన్నీ ఒకేసారి నెత్తిన పడ్డాయి. ఆ సంక్రాంతి సెలవుల్లో నేనూ కడప అన్నా తొమ్మిది మాడ్యూళ్లు ముందేసుకుని కూర్చున్నాం. మా ఇంట్లో ఇప్పటికీ ఆ పండగ గురించి ఎత్తిపొడుస్తారు.

ఇప్పుడు కూడా ప్రతి బిల్డు చివర ఒక లైను వస్తోంది చూడండి. ఈ బిల్డులో వాడిన కొన్ని సౌకర్యాలకు కాలం చెల్లింది, గ్రేడిల్ 9.0తో ఇది నడవదు అని. పక్కింటి కుక్క అరుపులా దానికి అలవాటు పడిపోయాం. 9.0 అనేది ఎప్పుడో వచ్చేది కాదు, 2025 జులైలో వచ్చేసింది. నడవాలంటేనే జావా 17 కావాలి దానికి.

2024 ఆగస్టు 10 రాత్రి గుర్తుందా? తుంగభద్ర డ్యాం 33 గేట్లలో 19వ దాని గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) కింద పొలం ఉన్న మా మామయ్య వారం రోజులు టీవీ ముందు నుంచి లేవలేదు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి పర్యవేక్షణలో పారుతున్న నీళ్లలోనే స్టాప్‌లాగ్ (పోయిన గేటు చోట నీళ్లను ఆపే అడ్డు) దించారు. ఆ పని చూసి చప్పట్లు కొట్టని వాళ్లు లేరు. కానీ మిగతా గేట్లను కూడా అలాగే, నిండు వరదలో మారుద్దామని ఎవరూ అనలేదు. అసలు గేట్లు ముట్టుకోవద్దని కూడా ఎవరూ అనలేదు. మనం మాత్రం ఆ రెండు మాటలూ ఒకే నెలలో అన్నాం.

సరే, నేను అడిగేది చెబుతాను.

వెర్షన్ మార్పు వేరే పీఆర్‌గా రావాలి, అందులో ఇంకేదీ ఉండకూడదు. గ్రేడిల్ మార్చేటప్పుడు ప్రాపర్టీస్ ఫైల్లో అంకె ఒక్కటి దిద్ది ఊరుకోకండి. రాపర్ (సరైన గ్రేడిల్‌ను తానే దింపి నడిపే చిన్న ప్రోగ్రాం) టాస్కును కొత్త వెర్షన్ నంబరుతో రెండుసార్లు నడపండి. మొదటిసారి అంకె మారుతుంది, రెండోసారి కొత్త గ్రేడిల్ తన సొంత స్క్రిప్టులనూ జార్‌నూ (కంపైల్ చేసిన జావా కోడ్ ఫైలు) రాసుకుంటుంది. మారేవి నాలుగు ఫైళ్లు: ప్రాపర్టీస్, జార్, లినక్స్ స్క్రిప్టు, విండోస్ బ్యాచ్ ఫైలు. నాలుగూ రెపోలో ఉండాల్సిందే. పోయినేడు ఒక జూనియర్ జార్ ఫైళ్లన్నీ గిట్‌ఇగ్నోర్‌లో (రెపోలోకి రానివ్వని ఫైళ్ల జాబితా) పెట్టి మంచి పనే చేశాననుకున్నాడు, కొత్తగా చేరిన వాళ్లెవరికీ రాపర్ మెయిన్ క్లాసే దొరకలేదు. ఆ జార్ బైనరీ కాబట్టి రివ్యూలో కళ్లతో చూసి తేల్చేది ఏమీ ఉండదు. బయటి వాళ్ల నుంచి పీఆర్‌లు తీసుకుంటున్నాం కాబట్టి రాపర్ వాలిడేషన్ యాక్షన్ పెట్టుకుందాం, ఆ జార్ అసలుదో కాదో చెక్‌సమ్‌తో (ఫైలుకు వేలిముద్ర లాంటి అంకె) పోల్చి చెబుతుంది. దింపుకునే గ్రేడిల్ ఫైలుకు (డిస్ట్రిబ్యూషన్) కూడా ప్రాపర్టీస్‌లో షా256 అనే చెక్‌సమ్ లైను రాద్దాం. ఇక ఎవరి లాప్‌టాప్‌లోనైనా విడిగా ఇన్‌స్టాల్ చేసుకున్న గ్రేడిల్ ఉంటే దానితో ఈ ప్రాజెక్టు నడపకండి. రెపోలో ఉన్న రాపర్ స్క్రిప్టు, గ్రేడిల్‌డబ్ల్యూ ఒక్కటే.

జావా, గ్రేడిల్, ప్లగిన్ మూడూ ఒకే రాత్రి మార్చొద్దు. ఆగస్టులో మనం ఏడవాల్సిన అవసరమే లేదని నాకు తరువాత తెలిసింది. గ్రేడిల్ 7.3 నుంచే జావా 17 మీద నడుస్తుంది, మనది అప్పటికే 7.5. అంటే ఒక పది రోజుల ముందు అందరినీ జావా 17కు మారమని చెప్పి ఉంటే పాత బిల్డు పాతలాగే నడిచేది, ఎవరికీ ఏమీ తెగేది కాదు. ఆ తరువాత గ్రేడిల్, దాని తరువాత ప్లగిన్. మూడు అడుగులు, ప్రతి అడుగు దగ్గరా ఆగి ఊపిరి పీల్చుకోవచ్చు. పెద్ద వెర్షన్ దాటేటప్పుడు గ్రేడిల్ వాళ్లు చెప్పే పద్ధతి కూడా అదే దారిలో ఉంటుంది: ముందు ఇప్పుడున్న సిరీస్‌లో ఆఖరి వెర్షన్‌కు వెళ్లు, హెచ్చరికలన్నీ చూపించే వార్నింగ్ మోడ్ పెట్టి ఒక్కొక్కటీ తుడుచుకో, అప్పుడు పైకి దూకు. పాతవాటిని తీసేయడం పెద్ద వెర్షన్లలోనే చేస్తారు కాబట్టి ఇది పనిచేస్తుంది.

జావా మాట వచ్చింది కాబట్టి ఒకటి. బిల్డు ఫైల్లో టూల్‌చెయిన్ అని 17 రాశాం కదా, ఇంకా జావా 11తో గోలేమిటని గ్రూపులో గంటసేపు వాదన నడిచింది. టూల్‌చెయిన్ చెప్పేది మన కోడ్‌ను ఏ జావాతో కంపైల్ చేయాలో. గ్రేడిల్ తాను దేనిమీద నడవాలో అనేది వేరు, దాన్ని జావా హోమ్ నుంచో స్టూడియో సెట్టింగు నుంచో తీసుకుంటుంది. వాదించుకున్న ఇద్దరూ చెరో దాని గురించి మాట్లాడారు, ఇద్దరూ కరెక్టే.

సీఐ గురించి, అంటే పీఆర్ రాగానే తనంతట తానే బిల్డు కట్టి చూసే ఏర్పాటు గురించి. ఇంట్లో ఈ మాట అంటే మా నాన్న టూటౌన్ సీఐ అనుకుని కంగారు పడ్డాడు, అది వేరే కథ. మన సీఐ ఇప్పుడు డీబగ్ బిల్డు మాత్రమే కడుతోంది. అప్‌గ్రేడ్ పీఆర్‌లకైనా రిలీజ్ బిల్డు కట్టి, ఆ ఏపీకేను (యాప్ ఫైలు) ఒకరి ఫోన్‌లో వేసి, ధరల పేజీ తెరిచి, స్క్రీన్‌షాట్ పీఆర్‌లో పెట్టాలి. చీనీ, ఉల్లి, కడప పసుపు, ఆదోని పత్తి నాలుగూ అంకెలతో కనబడాలి. ఇది లేకుండా నేను మెర్జ్ నొక్కను.

ఒక వారం ముందు గ్రూపులో చెప్పండి. ఎవరు ఏం దింపుకోవాలో, సుమారు ఎంత ఎంబీయో రాయండి. సిటీలో ఫైబర్ కనెక్షన్ పెట్టుకున్న వాళ్లకు ఇది చాదస్తంలా ఉంటుంది. కడప హాస్టల్లో ఉన్న వాళ్లకు కాదు. ఒకరు దింపుకుని, యూజర్ ఫోల్డరులోని గ్రేడిల్ రాపర్ డిస్ట్స్ ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినా చాలు, మిగతా వాళ్లు మళ్లీ దింపుకోనక్కర్లేదు. మేం అనంతపురంలో నలుగురం అలాగే చేసుకున్నాం.

ఎప్పుడు చేయాలి? ఉల్లి దిగే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వద్దు. జనవరిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి. జూన్‌లో చేస్తే ఆగస్టు గడువుకు రెండు నెలలు చేతిలో ఉంటాయి. ఎవరు చేయాలి? కాలువ నీళ్లకు వంతులు వేసుకున్నట్టు వంతు వేసుకుందాం, మెర్జ్ హక్కున్న ఆరుగురిలో ఒక్కో దఫా ఒక్కరు. కొత్త వెర్షన్ రాగానే పీఆర్ తెరిచే డిపెండబాట్, రెనొవేట్ లాంటి రోబోలను పెట్టుకుందామని ఒకరు అన్నారు. పెట్టుకుందాం, గుర్తు చేయడానికి బాగుంటుంది. ఫుల్ మోడ్ డిఫాల్టు అయిందని రిలీజ్ నోట్స్‌లో రాసి ఉన్న లైను చదివి ఉలిక్కిపడాల్సింది మాత్రం మనిషే. తేడా వస్తే వెనక్కి తిప్పడం వంతు ఉన్నవాళ్ల పని. వేరే కమిట్ కాబట్టి ఒక్క రివర్ట్‌తో పోతుంది. ఆగస్టులో అలా తిప్పలేకపోయాం, తిప్పితే పీడీఎఫ్ కూడా పోయేది.

"మనమేమన్నా కంపెనీనా, ఖాళీ టైంలో చేసుకునే పనికి ఇంత తతంగమా" అని మీలో ఒకరు అన్నారు. నేను పగలు పనిచేసే చోట దీనికోసం ఒక టీమే ఉంది, వాళ్లు పొరపాటు చేసినా సర్దుకోవడానికి జీతం తీసుకునే జనం ఉన్నారు. మనకు లేరు. మన దగ్గర ఉన్నది రాత్రి తొమ్మిది తరువాత ఒక గంట. ఆ గంటను ఎర్రర్లు వెతకడానికి పెట్టలేం కాబట్టే ఇంత తతంగం.

సర్వర్ వైపు మేవెన్ (గ్రేడిల్ లాంటి ఇంకో బిల్డు పనిముట్టు) వాళ్లూ, వెబ్ పేజీలను నోడ్‌తో (జావాస్క్రిప్ట్ నడిపేది) చేసే వాళ్లూ, నవ్వుకుంటున్నారేమో. మేవెన్‌కు రాపర్ అయిన ఎంవీఎన్‌డబ్ల్యూ మీ రెపోలో ఉందా? నోడ్ వెర్షన్ రాసి పెట్టే ఎన్‌వీఎంఆర్‌సీ ఫైలు ఉందా? రెండూ లేవు, చూశాను. ఫొటోలు కుదించే సీ లైబ్రరీని విడిగా లినక్స్‌లో కట్టుకునే తమ్ముడిది ఇంకో కథ. దాని మొదటి లైన్లో కనీస సీమేక్ (సీ కోడ్ కట్టే పనిముట్టు) వెర్షన్ 3.4.1 అని పాత స్టూడియో టెంప్లేటు రాసిచ్చింది అలాగే ఉంది. 2025 మార్చిలో వచ్చిన సీమేక్ 4.0, 3.5 కన్నా పాతవాటితో పొత్తు వదిలేసింది. అతను సిస్టం అప్‌డేట్ చేసుకున్న రోజు అది ఆగిపోయింది. మార్చాల్సింది ఒక్క అంకె. అది కూడా వేరే పీఆర్‌గానే పంపు నాయనా.

పిన్ చేసిన ఆ మెసేజ్ తీసేస్తే దాని చోట నేను ఈ పద్ధతిని పది లైన్లలో రాసి రెపోలో పెడతాను. మొదటి వంతు నాదే. జనవరి రెండో శనివారం ఉదయం పదింటికి, గ్రేడిల్ 8.0 నుంచి 8 సిరీస్ ఆఖరి వెర్షన్ దాకా మాత్రమే, 9 జోలికి ఇప్పుడు వెళ్లను. ప్లగిన్‌ను ఆ రోజు ముట్టుకోను. సాయంత్రం దాకా ఫోన్ దగ్గరే ఉంటాను. పెన్‌డ్రైవ్ కావలసిన అనంతపురం వాళ్లు శుక్రవారం సాయంత్రం గడియారస్తంభం దగ్గరికి రండి, కడపకు ఎవరైనా బస్సులో వెళ్లేవాళ్లుంటే వాళ్ల చేతికి ఇంకోటి ఇస్తాను. కర్నూలు తమ్ముడూ, నీ దగ్గర తెరిచి ఉన్న రెండు పీఆర్‌లు ఆలోపు మూసేయ్. స్టూడియో మళ్లీ అడుగుతుంది, ఆ రోజు దాకా కాదు అని నొక్కు.

మీ
అనంతపురం అక్క